తిరగమన్నాడా? తిరగబడమన్నాడా?

కిందటివారం మన దుబాసీగారిని ఇంటి గుమ్మంలో వదిలేశాం. ఒక చెప్పు కాలికుంది, రెండోది కనబడటం లేదు, చేతిలో విచారణ సంఘంవారి కాగితం ఉంది. వారం రోజులపాటు పెద్దమనిషిని ఒంటి చెప్పుతో నిలబెట్టినందుకు పాఠకులు మన్నించాలి. రెండో చెప్పు మంచం కింద దొరికింది. దంపతులిద్దరూ ఇప్పుడు కోర్టు మెట్లెక్కుతున్నారు.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. నూటపదేళ్ళు ఈ దేశాన్ని ఏలిన దొరలు రేపు పొద్దున ఓడెక్కుతున్నారు. ఈరోజు సాయంత్రం నాలుగింటికి కోర్టు మేడమీది హాల్లో గవర్నరూ, మన కొత్త ప్రభుత్వానికి పెద్దా ఒక కాగితంమీద సంతకాలు పెడతారు. పెడితే దేశం మనది. ఈలోగా పాత సర్కారులో పనిచేసినవాళ్ళలో ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని కింద గదిలో విచారణ జరుగుతోంది. పేరు పక్కన "ఉండవచ్చు" అని రాస్తే బతికిపోయినట్టే. "తొత్తు" అని రాస్తే మాత్రం ఉద్యోగమూ ఇల్లూ పోవడమే కాదు, దొరలతోపాటు రేపు అదే ఓడెక్కాలి. అక్కడికి వెళ్ళి ఎలా బతుకుతావని అడిగే నాథుడు లేడు.

దుబాసీగారు ఇరవై ఆరేళ్ళుగా ఈ కోర్టులో దొరల మాట మనవాళ్ళకూ, మనవాళ్ళ మాట దొరలకూ చెబుతున్న మనిషి. మిగతా ఉద్యోగులందరినీ ఎవరెవరో విచారించి పంపేశారు. ఈయన్ని మాత్రం "నేనే చూస్తాను" అని పట్టుబట్టి కూర్చున్నవాడు సాక్షాత్తూ కొత్త ప్రభుత్వానికి పెద్ద. ఒకప్పుడు బడిపంతులు. ఊరు ఆయన్ని ఎదురుగా పంతులుగారు అంటుంది, వెనకాల షికారు పంతులు అంటుంది. ఆ షికారు ఎక్కణ్ణుంచి వచ్చి ఆయనకు తగులుకుందో, దానికీ దుబాసీకీ ఏమిటి సంబంధమో ఈ వారం తేలాలి.

"గడగడా మాట్లాడండి. నీళ్ళు నమలొద్దు," అంది ఇంటావిడ మెట్లమీద.

"నేనెప్పుడు నీళ్ళు నమిలానే?"

"ఇంట్లో ఎప్పుడూ అదేగా మీ పని. కోర్టులోనేగా మీకు నోరు లేచేది."

ఆవిడ పొద్దుట్నుంచీ మూడుసార్లు పెట్టె సర్దింది, మూడుసార్లు విప్పేసింది. విప్పినప్పుడల్లా చీరలు గట్టిగా దులిపి మరీ బీరువాలో పెట్టింది.

లోపల కోర్టు గది రూపం మారిపోయింది. జడ్జీగారి కుర్చీ, బల్ల ఉండే ఎత్తు అరుగును వడ్రంగులు నిన్ననే ఊడదీసి పట్టుకుపోయారు. కొత్త ప్రభుత్వంలో ఎవరూ ఎవరికన్నా ఎత్తున కూర్చోకూడదని తీర్మానం. తీర్మానం బంగారంలాంటిదే. కానీ ముద్దాయి బోను కింద ఉన్న అరుగు సంగతి ఎవరికీ గుర్తురాలేదు. దాంతో ఆ గదిలో ఇప్పుడు అందరికన్నా ఎత్తున నిలబడేవాడు ముద్దాయే.

బల్ల వెనక పంతులు కూర్చున్నాడు. ఆయన పక్కన మంత్రసానమ్మ. కొత్త ప్రభుత్వంలో వైద్యశాఖ ఆవిడదేనని ఊరంతా అనుకుంటోంది. తెల్లారగట్ల ఒక పురుడు పోసి తిన్నగా ఇక్కడికే వచ్చింది కాబోలు, చెయ్యి గడ్డానికి ఆనించి కునికిపాట్లు పడుతోంది. చివర కోర్టు గుమాస్తా, ముందు దస్తరాల గుట్ట. జనం బెంచీలమీదా కిటికీలమీదా కిటకిటలాడుతున్నారు.

దుబాసీ కాళ్ళు అలవాటు ప్రకారం ఆయన్ని జడ్జీ బల్లకూ బోనుకూ మధ్యనున్న చిన్న చెక్క కటకటా దగ్గరికి తీసుకెళ్ళాయి. ఇరవై ఆరేళ్ళు ఆయన నిలబడ్డ చోటు అది. అక్కడి నేల పలక ఆయన మడమలకు అరిగి నున్నబడింది.

"అక్కడ కాదు," అన్నాడు పంతులు. ఆయనది కంచుగొంతు. గట్టిగా అనకపోయినా కిటికీ అద్దాలు వింటాయి. "బోనెక్కండి."

దుబాసీ బోనెక్కాడు. ఎక్కాక, తనను విచారించే పెద్దమనిషి బట్టతల అంత ఎత్తునుంచి కనబడుతుంటే ఏం చెయ్యాలో తోచక చూపు దించుకున్నాడు. దించుకుంటే ఇంకా తిన్నగా ఆ బట్టతలే కనబడింది.

"చదవవయ్యా," అన్నాడు పంతులు గుమాస్తాతో.

గుమాస్తా ఏడేళ్ళ కిందటి దస్తరం విప్పి, దొరల భాషలో ఉన్నదాన్ని మన భాషలోకి మార్చుకుంటూ చదివాడు.

"ప్రశ్న. రేవు కూలీలను పోగుచేసి వాళ్ళను ఏం చేయమన్నావు? జవాబు. తిరగమన్నాను. ప్రశ్న. ఎక్కడ? జవాబు. ఈ రేవు మొదలుకొని ఆ కొండలదాకా. ప్రశ్న. ఎంతకాలం? జవాబు. దొరవారు సెలవు తీసుకునేవరకు. కోర్టువారి అభిప్రాయం. ముద్దాయి నడక ఆరోగ్యానికి మంచిదన్న పిచ్చి పట్టిన బడిపంతులు. ఆజ్ఞ లేకుండా జనాన్ని రోడ్డుమీద నడిపించి..."

"అనుమతి," అన్నాడు దుబాసీ.

"ఏమిటండీ?"

"ఆజ్ఞ కాదు. అనుమతి లేకుండా."

ఇంటావిడ బెంచీమీద నెత్తి కొట్టుకుంది. మెడమీద కత్తి వేలాడుతుంటే కత్తికి పదును చాల్లేదని చెప్పే మొగుడు ఆవిడకు దక్కాడు.

"అనుమతి లేకుండా," సరిచేసుకున్నాడు గుమాస్తా, "జనాన్ని నడిపించి బళ్ళకు అడ్డం కలిగించినందుకు మూడేళ్ళ జైలు."

కిటికీల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఒకడు నవ్వితే పదిమందికి అంటుకుంది. పంతులు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన లేచి నిలబడ్డాడు.

"నవ్వండి. ఏడేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. నేను ఈ బోనులో నిలబడి ఏమన్నానో ఆరోజు ఈ గదిలో ఉన్న మనవాళ్ళందరూ విన్నారు. తిరగబడమన్నాను! ఈ రేవునుంచి ఆ కొండలదాకా తిరగబడమన్నాను! మీరు ఈ దేశం విడిచి పోయేదాకా తిరగబడమన్నాను! రొమ్ము విరుచుకుని అన్నాను. చావడానికి సిద్ధపడి అన్నాను. ఈ మహానుభావుడు దాన్ని పట్టుకెళ్ళి దొర చెవిలో ఏం పోశాడో చూశారా? షికారు! జైల్లో పంతం పట్టి దొరల భాష నేర్చుకున్నాను. నేర్చుకుని చదివిన మొదటి కాగితం ఇది. దొరల పత్రికలో నాకు చేతికర్రా టోపీ పెట్టి బొమ్మ వేశారు. నేను చదువు చెప్పిన పిల్లలే నా వెనక నడుస్తూ, షికారా పంతులుగారూ అని అడిగారు."

ఆ గొంతులో కోపం కన్నా అవమానమే ఎక్కువుంది. దుబాసీకి అది వినబడింది. ఇరవై ఆరేళ్ళు గొంతులు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినబడకుండా ఎలా ఉంటుంది?

"దొరల మెప్పుకోసం ఉద్యమాన్ని నవ్వులపాలు చేశాడు. ఇంతకన్నా తొత్తుతనం ఏముంది? రాయవయ్యా," అన్నాడు పంతులు.

గుమాస్తా కలం సిరాలో ముంచాడు.

"ఆగు," అంది మంత్రసానమ్మ. కునికిపాట్లు ఎప్పుడు ఆగాయో ఎవరూ చూడలేదు. "పంతులూ, ఫిర్యాదు ఎవరిది?"

"ఎవరిదేమిటక్కయ్యా? నాదే."

"తీర్పు?"

పంతులు గుమాస్తా కలం వైపు చూశాడు.

"దొరతనం పోయేది నాలుగింటికి. ఇంకా మూడైనా కాలేదు. అప్పుడే నీ ఫిర్యాదుకు నువ్వే జడ్జీవా? దీనికోసమా మనం ఇంతమందిని పోగొట్టుకున్నది? దిగు. ఫిర్యాదీ నిలబడాల్సిన చోట నిలబడు."

పంతులు ముందు ఎదురు చెప్పబోయాడు. తర్వాత బల్ల తోసుకుని బయటికొచ్చాడు. ఫిర్యాదీకి ఆ గదిలో వేరే చోటు లేదు. ఉన్నదల్లా ఆ చిన్న కటకటా ఒక్కటే. వెళ్ళి దుబాసీ పలకమీద నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు బాబాయ్," అంది మంత్రసానమ్మ. "ఆయన తిరగమన్నాడా? తిరగబడమన్నాడా?"

మన దుబాసీకి చెప్పడానికి ఒక నిజం ఉంది. అది చెబితే ఓడ తప్పుతుందేమో కూడా. కానీ ఆ వారంలో ఊళ్ళో తలుపు తట్టిన ప్రతివాడూ దొరల కొలువులో ఉంటూనే లోలోపల ఉద్యమానికి సాయం చేశానని చెప్పుకుంటున్నవాడే. గవర్నరు కుక్కను అడిగినా అదే మాట చెప్పేలా ఉంది. ఆ వరసలో చివర నిలబడి తానూ అదే పాట పాడటమా? దానికి మించిన బాధ ఇంకొకటి ఉంది. విన్నది విన్నట్టు చెబుతానని ప్రమాణం చేసి కొలువులో చేరినవాడు. మాట మార్చానని నోటితో ఒప్పుకుంటే ఇరవై ఆరేళ్ళ కొలువుకు అర్థమేముంది? తొత్తు అంటే పడతాడు, తప్పుడు దుబాసీ అంటే మాత్రం ఆయన ప్రాణం ఒప్పుకోదు.

అందుకని ఆయన వ్యాకరణంలో దూరాడు.

"నా తర్జుమాలో దోషం లేదమ్మా. తిరగబడు అనే మాట తిరుగు అనే మాటనుంచే పుట్టింది. తిరుగు అన్నది మూలం. దాని పక్కన పడు వచ్చి చేరింది. సందేహం వచ్చినప్పుడు మూలార్థం తీసుకోవడం మా వృత్తిలో..."

"ఏవండీ!" ఇంటావిడ లేచింది. "చాల్లెండి మీ మూలార్థం!"

"నువ్వు కూర్చోవే."

"కూర్చోను. పాతికేళ్ళు కూర్చున్నాను. అమ్మా, నేను చెబుతాను. ఆరోజు ఈయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. ఏమైందంటే, ఇవాళ ఒక మాట మింగేశానే, ఇక దేనికీ చోటు లేదన్నారు. ఏ మాటని అడిగితే, నీకెందుకన్నారు. పొరుగావిడ వచ్చి పంతులుగారికి ఉరి తప్పింది, మూడేళ్ళే వేశారని చెప్పింది. అప్పుడు ఈయన లేచి మంచినీళ్ళు తాగారు. అంతే నాకు తెలిసింది. అంతకన్నా నాకెందుకు?"

"ఇంటావిడ సాక్ష్యం!" అన్నాడు పంతులు. "ఈ వారం ఊళ్ళో ప్రతి ఇంటావిడా ఇలాంటి కథ ఒకటి చెబుతోంది."

అందులో అబద్ధం లేదు. జనంలో చాలామంది తలలూపారు. ఇంటావిడ మొహం పాలిపోయింది. పెట్టె నాలుగోసారి సర్దుకోవాలి కాబోలని ఆవిడ మనసులో అనుకుందో ఏమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మంత్రసానమ్మ మాత్రం గుమాస్తా వైపు వంగింది. "మా అన్నయ్య కేసు ఉంటుంది చూడు. తొమ్మిదేళ్ళ కిందటిది. తంతితీగలు తెంపిన కేసు."

గుమాస్తా వెతికాడు. రాజద్రోహం కేసులకు సారాంశాల పుస్తకం వేరే ఉంది. దాన్ని రోజూ తుడిచి పెట్టేది ఆయనే. రెండు నిమిషాల్లో పట్టుకున్నాడు.

"ముద్దాయి జవాబు. తంతిస్తంభాల వెంట తిరిగాను. రాత్రిపూట తిరిగాను. ఇంకా తిరుగుతాను. శిక్ష. తీగలకు తగిలి తెంపినందుకు పద్దెనిమిది నెలలు."

మంత్రసానమ్మ ఆ పేజీమీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"మా అన్నయ్య ఆ మాట నాకు వందసార్లు చెప్పాడు. తిరగబడ్డాను, ఇంకా తిరగబడతాను అని దొర మొహంమీద అన్నానే అని. అలా అన్నవాణ్ణి పద్దెనిమిది నెలలకే ఎలా వదిలారా అని మా అమ్మ చచ్చేదాకా ఆశ్చర్యపోయింది. దేవుడి దయ అనుకున్నాం." ఆవిడ పుస్తకం వైపు చూపించింది. "ఆ పుస్తకం మొదట్నుంచీ చూడు. తిరిగినవాళ్ళెందరో లెక్కపెట్టు."

గది గదంతా గుమాస్తా వేలినే చూస్తోంది. వేలు కాగితంమీద కిందికి జారుతోంది, ఆగుతోంది, పేజీ తిరుగుతోంది. "రేవులో తిరిగాను... పన్నుల కచేరీ చుట్టూ తిరిగాను... నా ఇష్టం, తిరుగుతాను... మా ఊరంతా తిరిగింది..." చదివేకొద్దీ గుమాస్తా గొంతు మారిపోతోంది. ఆ పుస్తకాన్ని ఇన్నేళ్ళు తుడిచాడే కానీ వరసగా ఎన్నడూ చదవలేదు. కిటికీలమీద జనం ఇప్పుడు కిసుక్కుమనడం లేదు. వాళ్ళలో కొందరు తమ తమ్ముళ్ళ మాటలూ, తండ్రుల మాటలూ గుర్తుపడుతున్నారు.

"ముప్పై ఏడుగురండీ," అన్నాడు చివరికి. "ఈ జిల్లాలో ముప్పై ఏడుగురు తిరిగారండీ. ఒక చోట జడ్జీగారు పక్కన రాసుకున్నారు. ఈ దేశస్థులకు నడకమీద ఉన్న మోజు అంతుబట్టదు, అని."

ఈసారి నవ్వు కాదు, ఒక పెద్ద నిట్టూర్పులాంటిది లేచింది గదిలో.

"తిరగబడ్డవాళ్ళు?" అడిగింది మంత్రసానమ్మ.

"ఆ మాట ఒక్కచోటే ఉందండీ. పుస్తకంలో అందరికన్నా ముందు. పదకొండేళ్ళ కిందట, ఒక పడవవాడు."

"శిక్ష?"

"ఉరండీ."

కటకటాలో నిలబడ్డ పంతులు బోను వైపు తలెత్తాడు. అంతసేపూ ఆయన మొహంలో ఉన్న ఎరుపు ఎప్పుడో దిగిపోయింది. కానీ పంతులు పంతులే. జవాబు పూర్తిగా రాకుండా మార్కులు వెయ్యడు.

"ముప్పై ఏడుగురికి మార్చావు. ఆ ఒక్కడికి ఎందుకు మార్చలేదు?"

దుబాసీ బోను కమ్మిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇక వ్యాకరణంలో దాక్కునే సందు లేదు.

"అప్పటికింకా నేను నిజాయితీగల దుబాసీనండి," అన్నాడు.

గుమాస్తా కలం పక్కన పెట్టాడు.

"కుర్రవాడు. ఇరవై రెండేళ్ళు. రేవు సుంకం కట్టనని పడవ అడ్డం పెట్టాడు. నువ్వేం చేశావని దొర అడిగాడు. తిరగబడ్డానన్నాడు. దొరల భాషలో దానికి సరిగ్గా సరిపోయే మాట ఒకటుంది. చాలా మంచి మాట. వెంటనే నాకు తట్టింది. తట్టినందుకు లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. చెప్పాను. ఆ ఒక్క మాటమీదే ఉరిశిక్ష వేశారు. ఆరో రోజున తీశారు. దొర ఆరోజు నన్ను పిలిచి, నీ తర్జుమా బాగుందని మెచ్చుకున్నాడు." ఆయన ఆగాడు. కన్నీళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు కూడా. "ఆ తర్వాత ఆ మాట నా నోటికి రాలేదు. ఎవరు తిరగబడ్డా నాకు తిరగడమే వచ్చేది. మీ అందరికీ నేనేదో ఉపకారం చేశానని చెప్పుకోనండి. నాకు చేతకాలేదు, అంతే. ప్రమాణం తప్పాను. తప్పుడు దుబాసీనే. అలాగే రాసుకోండి."

ఇంటావిడ ఏడుస్తోంది. పదకొండేళ్ళ కిందట మొగుడు ఆరు రోజులు నిద్రపోకపోతే ఆవిడ పైత్యం అనుకుని కషాయాలు కాచి పోసింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి, తనమీద తనకే కోపం వచ్చింది.

పంతులు ఆ చిన్న కటకటాలోంచి బయటికి రాబోయి ఆగాడు. కిందికి, నున్నబడిన పలక వైపు చూశాడు. ఏడేళ్ళుగా మోసిన మాటలు ఆయన గొంతులో తయారుగా ఉన్నాయి, కానీ ఒక్కటీ పనికి రాలేదు.

"అక్కయ్యా," అన్నాడు చివరికి. "నన్ను ఏడేళ్ళు షికారు పంతులన్నారు. బతికున్నాను కాబట్టి అన్నారు."

అని, ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగి, పకపకా నవ్వడం మొదలుపెట్టాడు.

"దొరవారు సెలవు తీసుకునేవరకు! అయ్యా దుబాసీగారూ, అదెలా తట్టిందండీ మీకు?"

"పోయేదాకా అన్నారు కదండీ మీరు," అన్నాడు దుబాసీ భయం భయంగా. "గౌరవవాచకం చేర్చానంతే."

గది పగిలేలా నవ్వారు. ఇందాకటి నవ్వు ఒకరిని కుంచించుకుపోయేలా చేసిన నవ్వు. ఇది అందర్నీ కలిపి ఊపేసిన నవ్వు. కిటికీమీద కూర్చున్న ఒక రేవు కూలీ, "నేనూ తిరిగానయ్యోయ్, ఎనిమిది నెలలు తిరిగాను!" అని అరిచాడు. ఇంటావిడ ఏడుపూ నవ్వూ కలగలిపి ముక్కు చీదుకుంది. పొద్దుట్నుంచీ గుండెలమీద ఉన్న కుంపటి దిగినట్టయింది ఆవిడకు. ఇంటికెళ్ళి ఆ పెట్టెను అటకమీద పారేస్తానని పక్కావిడతో అప్పుడే చెప్పేసింది.

"ఉండవచ్చు అని రాయి," అంది మంత్రసానమ్మ గుమాస్తాతో. "అక్షరాలు పెద్దగా రాయి."

"ఒక్క షరతు," అన్నాడు పంతులు. బోను దగ్గరికి వెళ్ళి, దుబాసీ దిగడానికి చెయ్యి అందించాడు. "గవర్నరుగారి దుబాసీ సామాన్లు సర్దుకుంటానని పొద్దున్నే వెళ్ళిపోయాడు. నాలుగింటికి పైన మీరే చెప్పాలి. కానీ ఇవాళ్టినుంచీ మన ప్రభుత్వం. ఇకమీదట విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు చెప్పాలి. నన్ను కాపాడాలనిపించినా సరే, మాట మార్చకూడదు. ప్రమాణం చేస్తారా?"

"చేస్తానండి," అన్నాడు దుబాసీ. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట అనగలిగినందుకు ఆయన ఒళ్ళు తేలికైపోయింది.

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుండగా పైన హాలు నిండిపోయింది. పొడుగాటి బల్లకు అటు గవర్నరు, ఇటు పంతులు. మధ్యలో రెండు కాగితాలు. ఒకటి మన భాషలో, ఒకటి దొరల భాషలో. మూడు వారాలుగా రెండు పక్షాలూ చదివి, దిద్ది, ఒప్పుకున్న మాటలే అవి. మందపాటి కాగితంమీద అందంగా రాయించిన శుద్ధప్రతి మాత్రం గవర్నరు కచేరీనుంచి అరగంట కిందటే వచ్చింది. ఆనవాయితీ ప్రకారం దుబాసీ దొరల ప్రతిని ఒక్కొక్క వాక్యమే చదివి మన భాషలో చెప్పాలి. ఆ తర్వాతే సంతకాలు. అందరికీ నోటికొచ్చిన పాఠమే కాబట్టి ఎవరూ చెవి పెట్టి వినడం లేదు. కిందనుంచి బ్యాండువాళ్ళు వాయిద్యాలు సరిచూసుకుంటున్న చప్పుడు వస్తోంది.

ఏడో వాక్యం దగ్గర దుబాసీ ఆగాడు.

"ఈ దేశంమీద మాకున్న పట్టునంతటినీ ఈ క్షణంనుంచి వదులుకుంటున్నాము." అదీ ఒప్పందం. మన ప్రతిలో అలాగే ఉంది. దొరల భాషలో కూడా ఆ మాటకూ, దాని పక్కింటి మాటకూ ఒక్క అక్షరమే తేడా. ఆ ఒక్క అక్షరం ఇక్కడ మారింది. రాతగాడి చెయ్యి జారిందో, ఎవరైనా జార్చారో. అక్షరం ఎలా జారుతుందో ఆ హాల్లో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అనుమానం లేదు.

"ఈ దేశంమీద మాకున్న పట్టునంతటినీ," చదివాడు దుబాసీ, "ఈ క్షణంనుంచి వదులు చేస్తున్నాము."

ఎవరూ తల తిప్పలేదు. అలవాటుగా వినే చెవులకు రెండూ ఒకటే. కానీ వదులుకున్నది పోతుంది, వదులు చేసినదాన్ని కావాలనుకున్నప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు. గవర్నరు పక్కన నిలబడ్డ కార్యదర్శి మాత్రం దుబాసీ వైపు చూసి చటుక్కున కళ్ళు తిప్పుకున్నాడు. గవర్నరు కలం అప్పటికే కాగితం దగ్గరికి వచ్చింది. పంతులు కూడా కలం మూత తీశాడు. గడియారం నాలుగు కొట్టడం మొదలుపెట్టింది.

దుబాసీ రెండు కాగితాలమీదా రెండు చేతులూ పరిచాడు.

"పంతులుగారూ, కలం కింద పెట్టండి," అన్నాడు మన భాషలో.

తర్వాత గవర్నరు వైపు తిరిగి, అదే మాట దొరల భాషలో, అక్షరం తేడా లేకుండా చెప్పాడు.